కలకత్తా ఆయన ‘ఇఫ్’ రాసిన కార్డు

చదరంగంలో మా మామ తనకంటే పెద్ద రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) ఉన్న ఆటగాణ్ని ఓడించింది ఒకే ఒక్కసారి. దానికి ఏడాది పైనే పట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఆట మొత్తం పోస్టు కార్డుల మీదే నడిచింది. 1995లో మొదలై 96 గంగజాతర రోజుల్లో ముగిసింది. ఆ ఆటకు రాతగాణ్ని నేనే కాబట్టి దీని గురించి రాసే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటున్నా.

మామ ఆర్టీసీ కండక్టర్. తిరుపతి–చిత్తూరు బస్సు. కొర్లగుంటలో రెండు గదుల అద్దె ఇల్లు, అందులో అవ్వ, అత్త, ఇద్దరు చిన్నపిల్లలు, హైస్కూలు చదువు కోసం వచ్చి చేరిన నేను. చదరంగం మామకు వాళ్ళ తాత నేర్పింది, అదీ పాత పద్ధతిలో, బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచే ఆట. రెండు గడులు నడవొచ్చని, రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరిగే క్యాస్లింగ్ అనేది ఒకటుందని డిపోలో ఎవరో చెప్తే ముందు నమ్మలేదంట. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చినప్పుడు సోవియట్ పుస్తకాలు చవగ్గా దొరికేవి కదా, అట్లా ఇంగ్లిషులో చెస్ పుస్తకాలు రెండు మూడు కొనుక్కుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాడు. టోర్నమెంట్లకు పోవాలంటే వరసగా రోజులు కావాలి, డ్యూటీ వదులుకుంటే ఇల్లు గడవదు. అందుకని ఉత్తరాల చదరంగంలోకి దిగాడు. అప్పట్లో 15 పైసల కార్డు ఉంటే చాలు, దేశంలో ఎవరితోనైనా ఆడొచ్చు.

తెలియని వాళ్ళ కోసం ఆ పద్ధతి కాస్త చెప్తా. మన ఎత్తును కార్డు మీద రాసి పోస్టు చేస్తాం, అవతలి వాళ్ళు బోర్డు మీద పెట్టుకుని చూసుకుని, జవాబు ఎత్తు రాసి పంపుతారు. 10 ఎత్తులకు 30 రోజుల టైము. కార్డు దారిలో ఉన్న రోజులు లెక్కలోకి రావు, మన చేతికి అందినప్పటి నుంచి తిరిగి పోస్టులో వేసేదాకా ఎన్ని రోజులు ఉంచుకున్నామన్నదే లెక్క. అందుకే అందిన తేదీ, పంపిన తేదీ రెండూ రాయాలి, తగాదా వస్తే పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం. అవతలి వాళ్ళ చివరి ఎత్తును మళ్ళీ రాసి, దాని కింద మనది రాయాలి. పుస్తకాలు చూసుకోవచ్చు, అందులో తప్పులేదు. భాషల గొడవ లేకుండా ఎత్తులన్నీ అంకెల్లో ఉంటాయి. నిలువు వరసలకు ఎడమ నుంచి 1 నుంచి 8 దాకా, అడ్డ వరసలకు కింది నుంచి 1 నుంచి 8 దాకా. రాజు ముందున్న తెల్ల బంటు రెండు గడులు నడిస్తే 5254, మొదటి రెండంకెలు బయల్దేరిన గడి, తర్వాతి రెండూ చేరిన గడి. అంతే, నాలుగంకెలు.

ఇక్కడే నా ఉద్యోగం. మామ రాసే 1, 7 రెండూ ఒకే మాదిరి ఉండేవి. బస్సు కుదుపుల్లో లెక్కలు రాసి రాసి ఆ చెయ్యి అట్లా అయిపోయింది. పాతాట ఒకదాంట్లో అవతలి మనిషి, ఈ అంకె ఏంటో అర్థం కాలేదని కార్డు తిప్పి పంపాడట, ఆ జాప్యం మామ ఖాతాలో పడింది. అప్పట్నుంచి ‘రేయ్ అబ్బోడా, నువ్వు రాయిరా’ అని నాకు అప్పజెప్పాడు. నేను రాసేవాణ్ని, మామ రెండుసార్లు చదివి, నోట్‌బుక్కులో ఎక్కించుకుని, పొద్దున డ్యూటీకి పోతూ తనే డబ్బాలో వేసేవాడు. నాచేత వేయించేవాడు కాదు. అంత నమ్మకం లేదు.

ఈ అంకెలు ఒకసారి పెద్ద తమాషా చేశాయి. కార్డు అంటే అందరూ చదివేదే కదా. మా వీధి చివర టీ అంగడి ఆయన ఒకరోజు మామను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ‘అన్నా, కలకత్తా నుంచి నీకు నెంబర్లు వస్తా ఉండాయంట కదా, ఓపెనా క్లోజా?’ అని అడిగాడు. మట్కా అనుకున్నాడు! మామ ఎంత చెప్పినా నమ్మలేదు. ‘నువ్వొక్కడివే బాగుపడు లేన్నా’ అని మొహం మాడ్చుకున్నాడు. నవ్వుకున్నాం గానీ ఆయన్ని అనేదేముంది, రెండో ప్రపంచ యుద్ధంలో అంత పెద్ద అమెరికా సెన్సారు వాళ్ళే ఈ చదరంగం కార్డులు గూఢచారుల సంకేతాలేమో అని విదేశీ టపాలో వాటిని ఆపేశారు.

ఇక అవతలి ఆయన. కలకత్తాలో రిటైరైన ఇంజనీరు. పేరు రాయను, మా ఇంట్లో అందరూ ‘కలకత్తా ఆయన’ అనే అనేవాళ్ళు, అవ్వ కూడా. నీలి ఇంకు, ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి కార్డులో ‘డియర్ సర్’ అని మొదలుపెట్టి, ఎత్తు రాసి, కింద ఒక్క వాక్యం, ఇక్కడ వానలు మొదలయ్యాయనో, పూజా సెలవులు వస్తున్నాయనో. మామ కంటే ఆయన రేటింగ్ 300 పైనే ఎక్కువ. రేటింగ్ అనేది హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన ఆర్పాడ్ ఎలో అనే ఆయన కట్టిన లెక్క, 1970లో ప్రపంచ చెస్ సంఘం దాన్ని తీసుకుంది. ఆ లెక్క ప్రకారం 300 తేడా ఉన్న ఇద్దరు 100 ఆటలు ఆడితే తక్కువ వాడికి దక్కేది సుమారు 15 పాయింట్లు, అదీ డ్రాలతో కలిపి. మామకు ఈ లెక్క తెలుసు. ‘డ్రా అయితే చాలురా, కాణిపాకంలో టెంకాయ కొడతా’ అన్నాడు మొదటి కార్డు వచ్చిన రోజు.

ఇంట్లో చదరంగం బల్ల పెట్టే చోటు లేదు. అత్త కుట్టు మిషను మీద పెట్టేవాడు. అత్త ఇరుగుపొరుగు వాళ్ళకు జాకెట్లు కుట్టేది, మిషను కావాలన్నప్పుడల్లా బల్లను అట్లాగే ఎత్తి బీరువా మీదికి చేర్చేది, మళ్ళీ దించేది. పావులు అటూ ఇటూ జరిగేవి. ఒకసారి మామ రెండు రాత్రుళ్ళు కూర్చుని ఆలోచించాక తెలిసింది, గుర్రం ఉండాల్సిన గడిలో లేదని. గట్టిగా అరుద్దామనుకున్నాడు. అత్త ‘ఆ మిషనే మీ ఆటకు కార్డులు కొనిపెడతా ఉండేది’ అనేసరికి నోరు మూసుకున్నాడు. నిజమే మరి. బస్సులో అయితే ఏ బల్లా అక్కర్లేదు. చంద్రగిరి దాటాక టిక్కెట్లు కొట్టడం అయిపోతుంది, పూతలపట్టు వచ్చేదాకా కాస్త తీరిక, అప్పుడు కిటికీ పక్కన నిలబడి కళ్ళు బయట పెట్టి బుర్రలో పావులు జరుపుకునేవాడు. ఒకరిద్దరిని వాళ్ళ స్టేజీ దాటించేసి తిట్లు తిన్నాడని డ్రైవరు మాకు చెప్పి నవ్వేవాడు.

ఆ ఏడాది సెప్టెంబరులో న్యూయార్కులో ప్రపంచ టైటిల్ కోసం ఆనంద్, కాస్పరోవ్ ఆడుతున్నారు, వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తులో. మొదటి 8 ఆటలూ డ్రా. తొమ్మిదోది ఆనంద్ గెలిచాడు. అదే రోజుల్లో బ్రహ్మోత్సవాల హడావిడి, డబుల్ డ్యూటీలు, మామ ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని పేపరు అడిగేవాడు. ఆనంద్ గెలిచిన వార్త చదివి ఆ పేజీ చించి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఏం జరిగిందో తెలిసిందే, పదో ఆటలో కాస్పరోవ్ చావుదెబ్బ కొట్టాడు, ఆఖరికి 10.5–7.5తో మ్యాచ్ పోయింది. మామ రెండ్రోజులు బోర్డు ముట్టుకోలేదు. ఆ కోపంలో కలకత్తా కార్డుకు జవాబు ఆలస్యమైంది కూడా.

మన ఆట ఎట్లా ఉందంటే, మామవి నల్లపావులు, మొదటి నుంచీ ఇరుగ్గానే ఉంది. 18వ ఎత్తు దగ్గర మామ ఏదో చేశాడు, తర్వాత తెలిసింది అది తప్పని, ఆయన దాన్ని పట్టుకోలేదు. అప్పటికే ఆ టోర్నమెంటు గ్రూపులో మామ మిగతా ఆటలన్నీ అయిపోయాయి, కొన్ని పోయాయి, ఒకాయన మధ్యలో మానుకున్నాడు. మామకు మిగిలింది ఇదొక్కటే. కలకత్తా ఆయనకు మాత్రం ఒకేసారి 30కి పైగా ఆటలు నడుస్తున్నాయని ఆయనే ఒక కార్డులో రాశాడు. రోజూ టపాలో రెండు మూడు కార్డులు, అన్నింటికీ జవాబులు. ఈ ఒక్క ముక్క మీరు గుర్తు పెట్టుకోవాలి.

సంక్రాంతి ముందర ఒక కార్డు వచ్చింది. ఎప్పుడూ నాలుగంకెలుండే చోట ఈసారి మూడు వరసలు. 23వ ఎత్తు 4145. దాని కింద, ఇఫ్ 3645 అయితే 2345. మళ్ళీ దాని కింద, ఇఫ్ 7888 అయితే 4518.

ఉత్తరాల ఆటలో ఇదొక సౌకర్యం. నువ్వు ఫలానాది ఆడితే నేను ఫలానాది ఆడతాను అని ముందే రాసేయొచ్చు, కార్డులు, రోజులు కలిసొస్తాయి. కానీ రాసినవాడు దానికి కట్టుబడి ఉండాలి. అవతలివాడు ఆ షరతు ప్రకారం ఆడితే వెనక్కి తీసుకోవడం కుదరదు. అవతలివాడు మాత్రం ఎంతవరకు ఒప్పుకోవాలో అంతవరకే ఒప్పుకోవచ్చు, మధ్యలో వేరే ఎత్తు వేయొచ్చు.

ఆ మూడు వరసలూ బోర్డు మీద వేసి చూస్తే నాకే భయమేసింది. ఆయన ఏనుగు మా గుర్రాన్ని తింటుంది, మేం దాన్ని బంటుతో తింటాం, ఆయన మంత్రి ఆ బంటును తింటూ చెక్ చెప్తుంది, అదే దెబ్బకు మూలనున్న మా ఏనుగు మీద కన్నేస్తుంది. రాజు పక్కకు జరిగితే ఏనుగు పోతుంది. ‘ఏనుగు పోతాది మామా’ అన్నాను. ‘పోతాది’ అన్నాడు మామ. చెక్‌కు రాజును జరపకుండా శకటును అడ్డం పెట్టొచ్చు, చూడగానే తోచేది అదే, కానీ దాంతో ఏళ్ళు గడిచినా గెలుపు లేదు, లాక్కుంటూ చచ్చే ఆట.

ఆ కార్డును దేవుడి పటాల పక్కన గూట్లో పెట్టాడు. పండగ అయిపోయింది, కనుమ నాడు కూడా డ్యూటీ ఉంది, పోయొచ్చాడు. నేను మాటిమాటికీ అడుగుతుంటే విసుక్కునేవాడు. ఒక రాత్రి, ఎంతకో తెలీదు, నన్ను లేపాడు. లైటు వేస్తే పిల్లలు లేస్తారని వరండాలో టార్చి పెట్టుకుని కూర్చున్నాడు. ‘మొత్తం ఆడనిస్తాం రా. మూడూ ఒప్పుకుందాం. ఏనుగును తిననీ.’

ఆయన మంత్రి మూలకొచ్చి ఏనుగును తిన్నాక, మా శకటు ఉన్నచోటి నుంచి లేచి ఆ చివరకు, ఆయన రాజు దగ్గరి గడి దాకా పోతుంది. 3883. శకటు లేవగానే దాని వెనకున్న మా రెండో ఏనుగుకు ఎనిమిదో వరస మొత్తం తెరుచుకుంటుంది, ఆ చివర ఆయన మంత్రి. ఇటుపక్క శకటు ఆయన రాజుకు ఊపిరాడే గడులు రెండూ మూసేస్తుంది, మా మంత్రి కిందికి దిగితే ఆటకట్టు. అక్కడ కాపలా కాయాల్సిన ఏనుగేమో మా గుర్రాన్ని తినడానికి పోయి చచ్చింది. మంత్రిని కాపాడుకుంటే రాజు పోతాడు, రాజును కాపాడుకుంటే మంత్రి పోతుంది.

‘మంత్రి నడిమధ్యకొచ్చి అడ్డం పడితే?’ అన్నాను, నిద్రమత్తులోనే, ఎట్లా తోచిందో నాకు. మామ నావైపు కొత్తగా చూశాడు. ‘అక్కడే నాలుగు రోజులు ఇరుక్కున్న్యా. పడనీ. దానికి వెనక దిక్కులేదు, నా మంత్రి తినేస్తాది’ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కార్డు రాశాను. ఆయన షరతులన్నీ ఒప్పుకున్నామని ఒక్కో ఎత్తూ మళ్ళీ రాసి, ఆఖరున 25వ ఎత్తు 3883. మామ ఈసారి రెండుసార్లు కాదు, చాలాసార్లు చదివాడు.

టెన్షన్ అంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. తిరుపతి నుంచి కలకత్తాకు కార్డు చేరడానికే దాదాపు వారం. ఎప్పుడూ టంచనుగా వచ్చే జవాబు ఈసారి రాదు. ఫిబ్రవరి వచ్చింది, ఫిలడెల్ఫియాలో డీప్ బ్లూ అనే కంప్యూటర్ మొదటి ఆటలో కాస్పరోవ్‌ను ఓడించిందని పేపర్లో పడింది, ఇంకొకప్పుడైతే మామ దాని గురించి గంటలు మాట్లాడేవాడు. ఇప్పుడు ‘కార్డు పోయిందేమో, రిపీట్ పంపుదామా’ అనే ధ్యాసే. అవ్వ మాత్రం ‘ఆయనకు ఒంట్లో బాగలేదేమో నాయనా’ అనేది. ఆఖరికి వచ్చింది. ‘డియర్ సర్’ ఉంది, ఎత్తు ఉంది, కింద ఉండే ఒక్క వాక్యం లేదు. మంత్రినిచ్చి ఏనుగును తీసుకున్నాడు. ఇంకో దారి లేదు. పోయిన పావుల లెక్క తీస్తే ఇద్దరికీ సమానమే, కానీ ఆయన రాజు మూలన ఇరుక్కున్నాడు, మా మంత్రి బోర్డంతా తిరుగుతోంది. ఇంకొన్ని ఎత్తులు లాగాడు. తిరుపతిలో గంగజాతర మొదలై, పిల్లలు బైరాగి వేషమేసుకుని ఒళ్ళంతా నామంకొమ్ము పూసుకుని వీధుల్లో తిరుగుతున్నప్పుడు, ఓటమి ఒప్పుకుంటున్నానని కార్డు వచ్చింది.

మామ ఎగరలేదు. బస్సు డ్రైవరుకు చెప్పాడు, టీ అంగడి ఆయనకు కూడా చెప్పాడు. ‘ఎంతొచ్చింది?’ అన్నాడు ఆయన.

డిపోలో చెస్ తెలిసిన ఒకరిద్దరు అదృష్టం అన్నారు, పెద్దాయన పొరపాటున ఇచ్చేశాడు అన్నారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది ఆ మాటకు. పొరపాటు ఆయనదే, కాదనను. ఏనుగు వస్తుందని చూసి, లాభం కనపడగానే లెక్క ఆపేసి, ఇంకో కార్డు అందుకున్నాడు. కానీ ఆ పొరపాటును పట్టుకోవాలంటే చేతిలో ఉన్న ఏనుగును వదులుకునే దారిలో ఇంకొక్క అడుగు ముందుకు చూడాలి, చూసింది మామే కదా. ఎదురెదురుగా కూర్చుని గడియారం పెట్టుకుని ఆడితే చాలా ఆటలు కలకత్తా ఆయనే గెలుస్తాడు, రేటింగ్ చెప్పేదదే, అది అబద్ధం కాదు. ఇక్కడ ఆయన 30 ఆటల మనిషి, మామ ఒక్క ఆట మనిషి. ఉత్తరాల ఆటలో ఐదో ప్రపంచ ఛాంపియన్ హాన్స్ బెర్లినర్ 16 ఆటల్లో 14 పాయింట్లు తెచ్చుకున్నాడని మామ పురాణం చెప్పినట్టు చెప్పేవాడు, అన్ని ఆటలకీ అంత బుర్ర పెట్టడం అందరికీ కుదిరేది కాదు.

ఇప్పుడైతే ఇది జరగదు. ఉత్తరాల చదరంగం ఇంకా ఉంది, 1951లో పుట్టిన ఐసీసీఎఫ్ అనే అంతర్జాతీయ సంఘమే నడుపుతోంది, కానీ ఎత్తులు నెట్ మీద పోతాయి, కంప్యూటర్ సాయం తీసుకోవడం కూడా రూల్స్‌లో ఉన్నదే. పెద్ద పోటీల్లో దాదాపు అన్నీ డ్రాలే. 3883 లాంటిది ఇప్పుడు నా ఫోనే రెప్పపాటులో చెప్పేస్తుంది, నేను పెట్టి చూశాను కూడా. చెప్పింది. కాస్త కోపమొచ్చింది దాని మీద.

ఓటమి కార్డు వచ్చాక కొన్నాళ్ళకు కలకత్తా నుంచి ఈసారి కవరు వచ్చింది. నాలుగు పేజీలు, ఆట మొత్తానికి ఆయన రాసిన విశ్లేషణ. 18వ ఎత్తులో మామ చేసిన తప్పును, తాను దాన్ని ఎట్లా శిక్షించి ఉండాల్సిందో వివరంగా రాశాడు. 25వ ఎత్తు పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు. చివర్లో, మీరు ఏం చేస్తుంటారు, టీచరా అని అడిగాడు. మామ చెప్పింది నాకొచ్చిన ఇంగ్లిషులో రాశాను, బస్సు కండక్టర్‌ని, కొండకు ఎప్పుడొచ్చినా చెప్పండి అని. దానికి ఆయన, మా పిల్లలు రమ్మంటున్నారు గానీ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు అని రాశాడు. రాలేదు.

కాణిపాకంలో టెంకాయ సంగతి మామ మర్చిపోయాడు. డ్రాకు మొక్కుకున్నాను గానీ గెలుపుకు మొక్కుకోలేదు కదా అని వాదించాడు. అవ్వ ఊరుకోలేదు, చిత్తూరు డ్యూటీ రోజున తోలించి మరీ కొట్టించింది.

తర్వాతి ఏడాది ఇంకో టోర్నమెంటులో వాళ్ళిద్దరికీ మళ్ళీ జోడీ పడింది. ఈసారి మామకు తెల్లపావులు, బాగానే మొదలుపెట్టాడు, ఒక బంటు ముందున్నాం కూడా. కలకత్తా ఆయన నెమ్మదిగా, ఉన్న టైమంతా వాడుకుంటూ, ఒక్కో కార్డుకు ఒక్కో ఎత్తు పంపాడు, ఆట చివరిదాకా ఒక్క ‘ఇఫ్’ కూడా రాయలేదు. మామ ఓడిపోయాడు.